వీరుడికి కింది గది

"దేశం కోసం మోకాలిచ్చిన వీరుడికి ఈ కళాశాల తన గుండెలోనే గది ఇస్తోంది!" అని మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి.

మాటవరసకు అన్నారనుకున్నాను. కాదు, నిజంగానే గది ఇచ్చారు. కాలేజీ మొత్తానికి కింది అంతస్తులో ఉన్న ఒకే ఒక్క క్లాసు గది అది. నా జిరాక్స్ షాపుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. సాయంత్రానికల్లా బల్లలు బయటికి, సోఫాలు లోపలికి వెళ్లాయి. గుమ్మం మీద "మాజీ సైనికుల సహాయ కేంద్రం" అని ఇత్తడి అక్షరాలు వెలిశాయి. తలచుకుంటే ప్రభుత్వం ఎంత చురుగ్గా పనిచేస్తుందో కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ గదిలో చదువుకుంటున్న సర్వేయింగ్ డిప్లొమా వాళ్లను మూడో అంతస్తుకు మార్చారు.

కాలేజీలో ఉన్న ఏకైక మాజీ సైనికుడు చదివేది ఆ క్లాసులోనే. పిల్లలు అతన్ని "మిలిటరీ అన్నా" అని పిలుస్తారు. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో పనిచేస్తూ కుడి మోకాలు పోగొట్టుకున్నాడు. డాక్టర్లు లోహపు కీలు వేశారు. చదును నేల మీద చేతికర్ర ఊతంతో దర్జాగా నడుస్తాడు గానీ, మెట్ల దగ్గర ఆ కాలు మడత పడదు. సర్వే శాఖలో ఉద్యోగానికి ఈ ఏడాదితో అతని వయసు దాటిపోతుంది. ఈసారి పరీక్ష రాసి గట్టెక్కాడా, ఉద్యోగం. లేదా, లేదు. కుట్టుమిషను మీద సంసారం లాక్కొస్తున్న భార్య రోజూ స్కూటరు మీద తెచ్చి దింపి వెళ్తుంది.

కేంద్రం తెరిచిన మర్నాడే అతను లోపలికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది కాబట్టి అంతా వినిపించింది.

"రండి రండి! మా మొట్టమొదటి లబ్ధిదారులు మీరే!" అన్నారు కేంద్రం డైరెక్టరు గారు. ఆయన సైన్యంలో చేయలేదు గానీ, మంత్రిగారి వెనక నడవడంలో ఆయన క్రమశిక్షణ ఏ సైనికుడికీ తీసిపోదు. "ఏమిటి మీ సమస్య?"

"మా క్లాసు మూడో అంతస్తుకు మార్చారు సార్. నేను మెట్లెక్కలేను."

"అన్యాయం! ఎందుకు మార్చారు?"

"కింద గది వేరేవాళ్లకి ఇచ్చేశారండి."

"ఎవరికి?"

"మీకే సార్."

డైరెక్టరు గారు కాసేపు సోఫా వైపు చూశారు. తర్వాత ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మీరు సరైన చోటికే వచ్చారు!"

ఆ రోజు నుంచి సహాయం మొదలైంది. ముందు మనోధైర్య శిక్షణ. గోడ మీద మంచుకొండల బొమ్మలు వేసి, డైరెక్టరు గారు గంభీరంగా చెప్పారు. "మెట్లు ఎక్కడున్నాయో తెలుసా? మన మనసులో ఉన్నాయి."

"లేదు సార్, ఆ మూలన ఉన్నాయి," అన్నాడు మిలిటరీ అన్న.

"మీలో ప్రతికూల ఆలోచన చాలా ఉంది. దానికి వేరే ప్యాకేజీ ఉంది," అన్నారు డైరెక్టరు గారు.

లిఫ్టు సంగతి కూడా చర్చకు వచ్చింది. మా భవనంలో లిఫ్టు లేదనడం అబద్ధం. దాని కోసం తవ్విన గొయ్యి ఉంది, అందులో విరిగిన కుర్చీలున్నాయి. గది మార్చమని అడిగితే అది ప్రిన్సిపాలు గారి పరిధి అన్నారు. ప్రిన్సిపాలు గారిని అడిగితే సైనికుల వ్యవహారాలన్నీ సహాయ కేంద్రం పరిధి అన్నారు. కాళ్లరిగేలా తిరగడం అంటారే, అతనికి అరగడానికి ఒక్కటే ఉంది.

చివరికి తన దారి తనే చూసుకున్నాడు. మెట్ల వైపు వీపు తిప్పి కూర్చుని, చేతులతో ఒంటిని పైమెట్టు మీదికి లాక్కుంటూ ఎక్కేవాడు. పిల్లలు ఎత్తుకుంటామంటే ఒప్పుకునేవాడు కాదు. "రోజూ ఎవరెత్తుతార్రా? పోండి, క్లాసు పోతుంది," అని తరిమేసేవాడు. అతను పైకి చేరేసరికి సగం పాఠం అయిపోయేది. పాపం ఆ లెక్చరరు హాజరు వేసేవాడు. రోజూ ఇదంతా నా కళ్లెదుటే జరిగేది. కేంద్రం వారి వార్షిక నివేదికలో మాత్రం ఈ సన్నివేశం ఫొటోతో సహా వచ్చింది. కింద "మా శిక్షణ ఫలితం" అని వేశారు. ఆ కాపీలు నేనే తీశాను, చాలా స్పష్టంగా వచ్చాయి.

అసలు పరీక్ష రోజు రానే వచ్చింది. అదే రోజు కేంద్రం వార్షికోత్సవం, మంత్రిగారి చేతుల మీదుగా వీరుడికి సన్మానం. భార్యాభర్తలు స్కూటరు దిగగానే డైరెక్టరు గారు ఎదురెళ్లారు.

"ఐదే ఐదు నిమిషాలు. శాలువా కప్పగానే నలుగురు మనుషుల్ని పెట్టి, కుర్చీతో సహా మిమ్మల్ని మూడో అంతస్తుకు మోయించే పూచీ నాది."

"వద్దండీ. మీరు ఇప్పుడే ఎక్కడం మొదలుపెట్టండి," అంది భార్య.

అతను మెట్ల వైపు చూశాడు, తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "చేతులు బొబ్బలెక్కి ఉన్నాయే. ఇలాగే ఎక్కితే పెన్ను పట్టుకోలేను. మోస్తామంటున్నారుగా," అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి అన్నయ్యగారూ, ఈ మనిషిని నమ్మొచ్చా?"

"సర్కారు మాట కదమ్మా," అన్నాను. ఏ వైపుకూ తప్పు కాని మాట చెప్పడం మా వ్యాపారంలో అవసరం.

మంత్రిగారు వచ్చేసరికి పైన పరీక్ష గంటకు వేళ దగ్గర పడింది. శాలువా కప్పారు, దండ వేశారు. మిలిటరీ అన్న చూపు మాత్రం మెట్ల మీదే ఉంది. మంత్రిగారి హృదయం ద్రవించింది. మైకు అతని నోటి దగ్గర పెట్టారు.

"కోరుకో వీరుడా! ఏం కావాలి నీకు?"

"నా పరీక్ష మూడో అంతస్తులో ఉంది సార్. మొదలవబోతోంది. నన్ను పైకి చేర్పించండి చాలు."

మంత్రిగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "విన్నారా? మనం కింద కూర్చుంటే వీరుడి కష్టం పైన ఉంది! సహాయ కేంద్రం మూడో అంతస్తులో ఉండాలి. ఇప్పుడే, ఈ క్షణమే అక్కడికి మారుస్తున్నాను! ఈ వీరుడే రిబ్బను కత్తిరిస్తాడు!"

అటువంటి చురుకుదనం నేను మళ్లీ చూడలేదు. నలుగురు మనుషులు మిలిటరీ అన్నను కుర్చీతో సహా ఎత్తుకుని పరుగున పైకి తీసుకెళ్లారు. డైరెక్టరు గారు మాట తప్పలేదని రాసుకోండి. వాళ్లు ఎక్కుతుంటే ఎదురుగా సర్వేయింగ్ పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని దిగుతున్నారు. పైన పరీక్ష గది ఖాళీ చేయించి, సోఫాలు పైకి, బల్లలు కిందికి మార్చారు. పరీక్ష ఎక్కడ పెట్టాలని ప్రిన్సిపాలు గారు తల పట్టుకుంటుంటే, కింద ఖాళీ అయిన కేంద్రం గది కనిపించింది. ఏడాది పొడవునా మిలిటరీ అన్న అడిగింది సరిగ్గా అదే.

పైన రిబ్బను తెగింది. మంత్రిగారు దిగారు. ఆయనతోపాటు ఫొటోగ్రాఫర్లు దిగారు, ఆయన కారు దాకా దండలు మోయాలి కాబట్టి ఆ నలుగురూ దిగారు. వీరుడు పైనే ఉండిపోయాడు.

భార్య డైరెక్టరు గారి చెయ్యి పట్టుకుంది. "మా ఆయన పైన ఉన్నారండీ! ఇక్కడ పరీక్ష మొదలవుతోంది, దింపించండి!"

"కంగారు పడకమ్మా. ఆయనిప్పుడు సహాయ కేంద్రంలోనే ఉన్నారు," అని డైరెక్టరు గారు మంత్రిగారి వెనకే కారెక్కారు.

ఆమె చెప్పులు వదిలేసి మెట్లెక్కి పరిగెత్తింది. నేనూ వెళ్లేవాడినే. మంత్రిగారి ప్రసంగం పత్రికల వాళ్లకు పంచాలని కాపీలకు ఆర్డరిచ్చారు, మిషను నడుస్తోంది.

భార్య భుజం పట్టుకుని మిలిటరీ అన్న ఒక్కో మెట్టూ దిగాడు. శాలువా ఎక్కడో జారిపోయింది. కింద గది తలుపు అప్పటికే మూసేశారు. కిటికీలోంచి తోటి పిల్లలు వంచిన తలలు కనిపిస్తున్నాయి. గుమ్మం ముందు ప్యూను కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"వేళ దాటిపోయింది. లోపలికి పంపడానికి లేదు," అన్నాడు.

"నేను పొద్దుటి నుంచీ ఈ భవనంలోనే ఉన్నానయ్యా," అన్నాడు మిలిటరీ అన్న, గోడకు చెయ్యి ఆనించి ఆయాసపడుతూ. "ఎవరితో చెప్పుకోవాలి?"

ప్యూను మంచివాడు. లేచి నిలబడి, తన కుర్చీ అతనికి వేశాడు. "మీలాంటి వాళ్ల కోసమే సహాయ కేంద్రం పెట్టారు సార్. వాళ్లకి చెప్పుకోండి," అన్నాడు.

"ఎక్కడికి వెళ్లి చెప్పుకోమంటావయ్యా?" అంది భార్య.

ప్యూను మెట్ల వైపు వేలు చూపించాడు.