నవలగారి సెలవుచీట్లు

నీటి మీటర్ల కార్యాలయంలో తపాలా గుమాస్తాగా పనిచేస్తున్న నవలగారు, పన్నెండేళ్ల అవిశ్రాంత కృషి ఫలితంగా తమ నవలలోని మొదటి వాక్యాన్ని పూర్తిచేశారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఆ వాక్యం ఇది: 'ఆ ఇంటి తలుపు తెరిచి ఉంది.' రెండో వాక్యం ఇంకా రాలేదు. పన్నెండేళ్లుగా తలుపు బార్లా తెరిచే ఉంది గానీ, ఒక్క మనిషీ లోపలికి అడుగు పెట్టిన పాపాన పోలేదు.

ఆయన అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే తెలుసు. నవల రాస్తున్నారు కాబట్టి నవలగారు.

ప్రయత్నలోపం ఏమీ లేదు. తెల్లవారుజామున ఐదింటికే లేస్తారు. బల్లను కిటికీ దగ్గరికి జరిపితే వీధి కనిపించి ధ్యాస చెదిరింది. గోడవైపు తిప్పితే గోడ కనిపించి నిద్ర వచ్చింది. 'రోజుకో పేజీ' శిక్షణ తరగతులకు మూడుసార్లు వెళ్లివచ్చారు. ఆ తరగతులు చెప్పే గురువుగారు, చెప్పడం మొదలుపెట్టిన నాటినుంచి తీరిక లేక తాము రాయడం మానేశారు. రాయడమంటే బాధపడటమని, ఎంత బాధపడితే అంత రాసినట్టని ఆయన బోధించారు. ఆ లెక్కన నవలగారు రోజూ చాలా రాస్తున్నారు. నాలుగు రంగుల సిరాలతో వేసిన సాధన పట్టిక గోడకు వేలాడుతోంది. ఇంటికి వచ్చినవాళ్లంతా దాన్ని మెచ్చుకుని వెళతారు.

ఆరింటికి భార్య టీ తెచ్చి బల్ల మీద పెడుతుంది.

"ఏమండీ, ఎవరన్నా వచ్చారా?"

"ఇంకా లేదు."

"పోనీ ఆ తలుపన్నా మూసేయండి. దోమలొస్తాయి."

పదిన్నరకు ఆఫీసు చేరాక సంగతి వేరు. పద్దుల గుమాస్తా వచ్చి చెవిలో చెబుతాడు: "నవలగారూ, రెండ్రోజులు ఇంట్లో పడుకోవాలనుంది. కాస్త చూడండి." నవలగారు కాగితం లాగుతారు. ఏడు నిమిషాలు. ఒక్క కొట్టివేత ఉండదు. పెదనాన్నగారు మెట్లమీద జారుతారు, ఆసుపత్రి చేరతారు, ఇరవై ఏళ్లుగా మాటల్లేని తమ్ముడు పరుగెత్తుకొస్తాడు, ఇద్దరూ చేతులు పట్టుకుంటారు, తమ్ముడు మంచినీళ్లు తెచ్చేలోగా అంతా అయిపోతుంది. అధికారిగారు కళ్లద్దాలు తుడుచుకుని 'మంజూరు' అని రాసి, పక్కనే 'అధైర్యపడవద్దు' అని కూడా చేరుస్తారు. పద్దుల గుమాస్తాకున్న ఒక్కగానొక్క పెదనాన్న ఇప్పటికి ఐదుసార్లు పోయారు. ఏ రెండు చావులకూ పోలిక లేదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

ఇలాంటివి పదకొండు వందల పైచిలుకు చీట్లు దస్తావేజుల గదిలో ఉన్నాయి. వీటిని రాసేటప్పుడు బొత్తిగా బాధ కలగడం లేదు కాబట్టి, ఇది రాయడం కిందికి రాదని నవలగారు ఏనాడో తేల్చుకున్నారు.

ఇలా ఉండగా ఆయన పదవీ విరమణ దగ్గరపడింది. ఆ రోజే నవల ఆవిష్కరించాలని సిబ్బంది సాంస్కృతిక విభాగం తీర్మానించింది. హాలు కుదిరింది, ఆహ్వానాలు అచ్చయ్యాయి. చేతిలో ఉన్నది ఒక తలుపు. జీవితమంతా నవలగారనిపించుకుని చివరిరోజు ఉత్త చేతులతో నిలబడటం ఎలాగని భార్య దగ్గర గొల్లుమన్నారు.

"ఆఫీసులో రాసినవి లేవా?" అందావిడ. "సెలవు కోసం మీరు మా అన్నయ్యను చంపినప్పుడు చదివి వెక్కివెక్కి ఏడ్చాను. వాడు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నా సరే, ఆగలేదు."

మర్నాడే నవలగారు నూట పన్నెండు చీట్లు ఏరి తెచ్చుకున్నారు. పేర్లు మార్చి, మొదటి వాక్యం కింద వరసగా పేర్చారు. తెరిచి ఉన్న తలుపులోంచి నూట పన్నెండు మంది లోపలికి వచ్చి, ఒకరి తర్వాత ఒకరు హాయిగా పోయారు. ఆ రాత్రి ఆయన పసిపిల్లాడిలా నిద్రపోయారు.

ముందుమాట కోసం రాతప్రతిని అధికారిగారికి ఇచ్చారు. ఆయన ఆదివారమంతా చదివి, రెండు రుమాళ్లు తడిపి, సోమవారం ముందుమాటకు బదులు మెమో పంపారు. 'మీరు దీనిని కల్పన అని పేర్కొన్నారు. కల్పన అయినచో, వీటి ఆధారంగా మంజూరైన సెలవులన్నియు రద్దగును. వాస్తవమైనచో, ఇది నవల కానేరదు. రెండింటిలో ఏదో మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా తెలుపవలెను.'

ఆఫీసు గుండె ఆగినంత పనైంది. సాంస్కృతిక విభాగం అత్యవసరంగా సమావేశమైంది. ఆవిష్కరణ సభకు అధ్యక్షత వహించాల్సిన పద్దుల గుమాస్తాయే లేచాడు. "మిత్రులారా! సాహిత్యం మహోన్నతమైనది. దానికోసం ప్రాణమైనా ఇస్తాం. సెలవులు మాత్రం ఇవ్వలేం!" చప్పట్లు ఆగలేదు.

'నవలగారు తమ జీవితంలో ఒక్క కల్పిత వాక్యమైనా రాసి ఎరుగరని, వారికి ఊహాశక్తి బొత్తిగా లేదని' సిబ్బంది తరఫున ధ్రువపత్రం ఇవ్వాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. అయితే దాన్ని రాసేదెవరు? అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి.

"మీరైతే బాగా రాస్తారు కదా," అన్నాడు పద్దుల గుమాస్తా.

నవలగారి చుట్టూ నలభై మూడు ముఖాలు, ఆత్రంగా. వాళ్లను కాదనడం ఆయనకు చేతకాదు. కాగితం లాగారు. ఏడు నిమిషాలు. ఒక్క కొట్టివేత లేదు. ఊహ అనేదే ఎరుగని ఒక సాదాసీదా గుమాస్తా జీవితం అందులో ఎంత దీనంగా కుదిరిందంటే, సంతకాలు పెడుతూ అందరూ కళ్లొత్తుకున్నారు. అధికారిగారు 'ఆమోదించడమైనది' అని రాసి, పక్కనే 'అధైర్యపడవద్దు' అని చేర్చారు.

విరమణ సభ దివ్యంగా జరిగింది. నవల త్వరలోనే వెలువడాలని వక్తలందరూ ఆకాంక్షించారు.

ఇప్పుడాయన ఇంటిపట్టునే ఉంటున్నారు. ఐదింటికే లేచి బల్ల ముందు కూర్చుంటారు. ఆరింటికల్లా ఆ ఇంటి తలుపు తెరిచి ఉంటుంది. గుమ్మం దాటి వీధిలోకి వరస, చిన్నచిన్న సెలవుల కోసం. ప్రతివారూ చీటీ అందుకుంటూ, మర్యాద కోసం, నవల ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. మీరూ అడిగారు, మొన్న మీ పెదనాన్నగారిని చంపించుకుని వెళ్లేటప్పుడు.