పెద్దాయనకు పనసతొనలు

ఆ ఉదయం ఫల్గుణ అనుకున్నది ఒక్కటే: నలుగురు టూరిస్టులను టైడా అడవిలో రెండు గంటలు తిప్పి, ఒక్క జంతువూ ఎదురుపడకుండా వెనక్కి తేవడం. గైడన్నవాడు జంతువులు కనపడాలని మొక్కుకుంటాడు. ఫల్గుణ కనపడొద్దని మొక్కుకున్నాడు. కిందటి నెల ఒక పెద్దమనిషి ఉడుమును చూసి పరుగెత్తి, కాలు విరగ్గొట్టుకుని, పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు. విచారణకు పెద్ద ఆఫీసరు ఆ రోజే వస్తున్నారు. ప్రమాదమని తేలితే అడవి నడక రద్దు, ఫల్గుణ ఉద్యోగమూ రద్దు.

గంట నడిచాక, దారి చుట్టు తిరిగి గెస్టుహౌస్ దగ్గరికే వచ్చే చోట, వాగు ఒడ్డున ఫల్గుణ ఆగిపోయాడు. అవతలి పొదల్లోంచి ఎలుగుబంటి లేచి, ముక్కెగరేసి గాలి పీల్చి, గెస్టుహౌస్ వైపు తిరిగింది. అక్కడ పనసపండు కోస్తున్నారు.

"కూకోండి. మాటాడకండి," అన్నాడు. ముగ్గురు కూలబడ్డారు. టోపీ పెట్టుకున్న ఒకావిడ మాత్రం నిలబడే చూస్తోంది.

అడవిలో ఎలుగుబంటి పేరెత్తితే పిలిచినట్టేనని ఫల్గుణ ఊళ్ళో నమ్మకం. అందుకే 'పెద్దాయన' అంటారు. గెస్టుహౌస్ మేనేజరు సర్వేశ్వరరావు కాకినాడ నుంచి వచ్చి మూడు వారాలే అయింది. ఈ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

ఫల్గుణ ఫోన్ చేశాడు. "సారూ, పెద్దాయన మీ ఏపే వత్తన్నాడు!"

"వస్తున్నారు అనాలి. మర్యాద నేర్చుకో. ఎంతమంది?"

"ఒక్కడే. నడిసొత్తన్నాడు."

"నడిచా! కారేమైంది?"

"కారేటి సారూ? పనస వాసనకి వత్తన్నాడు. బేగి తలుపులు..." సిగ్నల్ పోయింది.

సర్వేశ్వరరావు వంటమనిషి మీద ఎగిరాడు. "అసిరమ్మా, తలుపులన్నీ తియ్! పనసతొనలు పళ్ళెంలో పెట్టు, ఆయనకు ఇష్టమట!"

"పరగడుపునా బాబూ? కడుపునొప్పొత్తాది," అంది అసిరమ్మ. ఆవిడా భీమిలి నుంచి కొత్తగా వచ్చిందే.

"వస్తే ఆయన కడుపు. నీకెందుకు!"

వాగు దగ్గర ఫల్గుణ పదిసార్లు ఫోన్ కొట్టాడు. పలకలేదు. టూరిస్టులను వదిలి పోకూడదు. పోకపోతే అక్కడ రెండు ప్రాణాలు.

"పదవయ్యా, అందరం వస్తాం," అంది టోపీ ఆవిడ.

అప్పటికే వరండా మెట్ల మీద బరువైన అడుగులు వినపడ్డాయి. సర్వేశ్వరరావు బంతిపూల దండ పట్టుకుని, నడుం విరిగేలా వంగి, "దయచేయండి సార్," అన్నాడు. వంగిన మనిషికి ముందు కనపడేవి కాళ్ళే. బూట్లు లేవు. గోళ్ళున్నాయి.

దండ వదిలేసి బీరువా ఎక్కబోయాడు. దాని మీద అసిరమ్మ అప్పటికే ఉంది.

"జరుగమ్మా!"

"ఎదురెళ్ళండి బాబూ, మర్యాదగుంటాది!"

ఎలాగో పైకి పాకాడు. ఎలుగుబంటి సోఫా ఎక్కి పళ్ళెం ఖాళీ చేసింది. తర్వాత మెల్లగా తలెత్తి బీరువా వైపు చూసింది. దిగి, రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. బీరువా కిర్రుమంది.

అప్పుడొచ్చాడు ఫల్గుణ. వెనక వరండాలో మిగిలిన సగం పనసను వాలులోకి దొర్లించాడు. "ఎల్లు పెద్దాయనా, నీకు దండం!" ఎలుగుబంటి ఒక్క క్షణం ఆలోచించి, వెనక తలుపులోంచి పనస వెంట పోయింది.

"ఫల్గుణా!" బీరువా మీంచి సర్వేశ్వరరావు కేకేశాడు. "ఆఫీసరుగారొచ్చేలోగా ఆ దండ దులిపి పెట్టు!"

"వచ్చేశాను," అంది టోపీ ఆవిడ. "పొద్దున్నే రైలు దిగాను. నా పేరు జయశ్రీ."

ఉద్యోగం పోయినట్టేననుకుని ఫల్గుణ మెళ్ళో గైడు కార్డు తీసి ఆమెకివ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు. రిపోర్టు రాసుకుంటోంది: "అడవి నడకలో ఏ ప్రమాదమూ లేదు, కొనసాగించవచ్చు. గెస్టుహౌస్‌లోకి మాత్రం గైడు లేకుండా ఎవరినీ పంపరాదు."