కుండీలతో సహా

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది. పదింటికి భూసంరక్షణ సంస్థ అధికారిణి వస్తుంది. ఇంటి వెనక చౌడు తేలి తెల్లబారిన పొలాన్ని చూస్తుంది. జాలిపడితే దాన్ని బాగుచేసుకోవడానికి సాయం ఇప్పిస్తుంది. జాలిపడకపోతే, ఇక అందులో విత్తనం వెయ్యడం కూడా దండగే. కాబట్టి ఇంట్లోవాళ్లు చేయవలసిందల్లా నోరు మూసుకోవడం.

"మీరు పొలాన్ని పొగడకండి," అని మొగుడికి ముందురోజే చెప్పింది.

"నేనెందుకు పొగుడుతానే? ఆమాత్రం తెలీదా నాకు?" అన్నాడు ఆయన, తెలియనివాళ్లు అనే తీరులోనే.

అత్తగారికి విషయమంతా విడమరిచే ఓపిక లేక, "రేపు పొలం చూడ్డానికి వస్తున్నారత్తయ్యా," అని ఊరుకుంది. ఆ ఒక్క మాటకి ఆవిడ వేరే అర్థం తీసుకుంది. ఆవిడ ఎరిగిన లోకంలో పొలం చూడ్డానికి వచ్చేవాళ్లు కొనడానికే వస్తారు.

వంటిల్లు సర్ది వరండా తుడవబోయిన ఇల్లాలు చుట్టూ చూసింది. పూలకుండీ ఒక్కటీ లేదు. పొలంలోకి పరుగెత్తింది. చౌడు మచ్చల మీద పచ్చగడ్డి పరిచి ఉంది. నడుమ ఆమె గులాబీలు, కుండీలతో సహా, మెడదాకా పాతి ఉన్నాయి. మొగుడు వాటికి నీళ్లు పోస్తున్నాడు.

"ఏమిటండీ ఈ అఘాయిత్యం!"

"బయటివాళ్లు వస్తుంటే దాన్నలా వదిలెయ్యమంటావా? పొగడ్డం లేదుగా! కాస్త ముఖం కడిగానంతే."

పీకేద్దామని ఆమె వంగేసరికే గేటు దగ్గర జీపు ఆగింది.

అధికారిణి ఒకసారి కలయజూసింది. "బాగానే ఉందే! గులాబీలు కూడా పూస్తున్నాయి," అంటూ కలానికి మూత పెట్టేసింది. మొగుడి ఛాతీ పొంగింది. ఇల్లాలి ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు చేతికర్రతో దిగింది.

"ఏం చూసి బాగుందంటున్నావమ్మా? ఇది నేల కాదు, ఉప్పుగల్లు! పోయినసారి చల్లిన గింజలు కూడా తిరిగి రాలేదు." కర్రతో గడ్డి పక్కకి లాగింది. కింద తెల్లగా చౌడు మెరిసింది. ఒక గులాబీని పట్టుకుని లాగింది. కుండీతో సహా లేచి వచ్చింది. "ఇదీ దీని పచ్చదనం! మావాడు పెట్టిన సవరం! కొన్నావంటే నిండా మునిగిపోతావు తల్లీ!"

"అమ్మా!" అన్నాడు కొడుకు, కన్నబిడ్డను ఎవరో తిట్టినట్టు.

అధికారిణికి నవ్వు ఆగలేదు. "సాయం కోసం బాగున్న నేలని పాడుచేసి చూపించేవాళ్లని చూశాను గానీ, పాడైనదాన్ని సింగారించినవాళ్లు మీరేనండీ!" అంటూ మళ్లీ మూత తీసి సంతకం పెట్టింది. "నేను కొనడానికి రాలేదు పెద్దమ్మా. బాగుచెయ్యడానికి డబ్బిప్పించడానికి వచ్చాను."

అత్తగారి ముఖం మారిపోయింది. "బాగుచెయ్యడమా? దీనికేం రోగం? ఈ చుట్టుపక్కల ఇంతటి నేల..."

ఇల్లాలు మంచినీళ్ల గ్లాసు ఆవిడ నోటికి అందించింది. తాగడం పూర్తయ్యేలోపే జీపుని సాగనంపింది.

సాయం అందింది. చౌడు విరిగి, ఎరువు కోసం చల్లిన పచ్చిరొట్ట పైరు మోకాలెత్తు లేచింది. కుండీలు మాత్రం ఇంకా పొలంలోనే ఉన్నాయి. తీసేస్తే నేల చిన్నబుచ్చుకుంటుందని తల్లీకొడుకులిద్దరూ ఒకే మాట మీద ఉన్నారు.