తేలికదా, బరువుదా

శుక్రవారం పొద్దున్న ఓర్విల్ హోకెన్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఫ్రీజరు ఖాళీ చేయాలి, మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి, మర్నాడు తెల్లవారకముందే లేచి మూస్ వేటకి వెళ్ళాలి. మూస్ అంటే గుర్రం కన్నా ఎత్తుండే దుప్పి. అమెరికాలోని మోంటానాలో దాన్ని వేటాడాలంటే పర్మిటు కావాలి, ఆ పర్మిటు లాటరీలో తగలాలి. ఓర్విల్ పెళ్ళయిన ఏడాది నుంచీ ఆ లాటరీకి పేరు ఇస్తూనే ఉన్నాడు. తాతయ్యాక ఈ ఏడు తగిలింది. మళ్ళీ తగిలేదాకా తాను బతికుంటానని అతనికి ఆశ లేదు, భార్య లోర్నాకీ లేదు.

తుపాకీ లోర్నా వాళ్ళ నాన్న ఇచ్చింది. చిటికెన వేలు దూరేంత గొట్టం. ఆ ఊళ్ళో అలాంటి తుపాకీకి తూటాలు ఎవరూ కొనరు. పేల్చేసిన ఇత్తడి గుల్లలు దాచుకుని, వాటిలో కొత్త మందు పోసి, పైన సీసపు గుండు బిగించి, ఎవరి తూటాలు వాళ్ళు గ్యారేజీలోనే తయారుచేసుకుంటారు. దుకాణంలో కొన్నవాణ్ణి ఎలా చూస్తారంటే, ఆవకాయ పెట్టే ఇంటికి బజారు సీసా పట్టుకొచ్చిన కోడల్ని మనం ఎలా చూస్తామో అలా చూస్తారు.

అయితే ఏ గుండు బిగించాలి? తేలిక గుండు వేగంగా, తిన్నగా పోతుంది. బరువు గుండు నింపాదిగా పోతుంది గానీ ఎముక అడ్డొచ్చినా ఆగదు. పైగా రెండూ ఒక్కచోట తగలవు. గుండు మార్చిన ప్రతిసారీ తుపాకీ గురి మళ్ళీ సరిచేసుకోవాలి. ఈ విషయంలో ఊరు రెండు పార్టీలుగా చీలి ఉంది. ఓర్విల్ మాత్రం ఏ పార్టీవాడు ఆఖర్న మాట్లాడితే ఆ పార్టీ. పోయినేడు వేటకి ముందురోజు గుండు మార్చి, గురి మార్చడం మర్చిపోయి, ఎదురుగా నిలబడ్డ ఎల్క్ దుప్పిని గురి తప్పి వదిలేశాడు. ఆ చలికాలమంతా ఇంట్లో కోడిమాంసమే.

అందుకే లోర్నా ఈసారి ముందే చెప్పింది. "బుధవారానికల్లా తేల్చుకో. తేల్చుకున్నాక మళ్ళీ మార్చావో, నీ ప్రెస్సు తీసుకెళ్ళి చర్చి వేలంపాటలో పెట్టేస్తాను." తూటాలు బిగించే ఆ ప్రెస్సు ఓర్విల్‌కి ప్రాణం. బుధవారం అతను బరువు గుండు అని తేల్చి, గురి సరిచేసి, ఇక మార్చనని బైబిలు మీద చెయ్యి వేయబోయాడు. "బైబిలెందుకు, నా మీద వెయ్యి" అంది లోర్నా. వేశాడు.

శుక్రవారం లోర్నా చర్చి వంటగదిలో లెఫ్సా రొట్టెలు కాల్చడానికి వెళ్ళగానే ఆమె తమ్ముడు మెర్ల్ కాఫీకి వచ్చాడు. తేలిక పార్టీ పెద్ద అతనే.

"ఏ గుండు?" అన్నాడు కూర్చోకుండానే.

"బరువుదే. తేల్చేశా. దాని గురించి మాట్లాడొద్దు."

"నేనేం మాట్లాడను." మెర్ల్ కాఫీలో పంచదార కలిపాడు. చాలాసేపు కలిపాడు. "పచ్చికబయలు అవతలి అంచున మూస్ నిలబడిందనుకో. నీ గుండు అక్కడికి వెళ్ళేసరికి అది మేత ముగించుకుని, నీళ్ళు తాగి, పక్క జిల్లాకి పోతుంది. అంతే. ఇంకేం అనను."

అతను వెళ్ళాక ఓర్విల్ ఫ్రీజరు దగ్గరికి వెళ్ళాడు. మూత తీశాడు, మూశాడు. కిటికీలోంచి కొండకేసి చూశాడు. పచ్చికబయలు రోజూ కన్నా వెడల్పుగా కనిపించింది. ఇంకాసేపటికి గ్యారేజీలో ప్రెస్సు ముందున్నాడు. తేలిక తూటాలు చేసుకుని కంకర గుంట దగ్గరికి వెళ్ళి, గురి సరిచేసుకుని, భుజం రుద్దుకుంటూ వచ్చాడు. ఓర్విల్‌ది ఎడమచేతివాటం. తుపాకీ ఎడమ భుజానికే ఆనిస్తాడు. ఆ తుపాకీ పేల్చిన ప్రతిసారీ భుజాన్ని గాడిద తన్నినట్టు తంతుంది.

ఎదురింటి కంచె దగ్గర ఇంగా టీచరుగారు నిలబడి ఉంది. ఓర్విల్‌కీ మెర్ల్‌కీ అక్షరాలు నేర్పింది ఆవిడే. బరువు పార్టీకి ఆవిడే దిక్కు.

"చప్పుడు విన్నాను. మార్చావా?"

"లేదు టీచరుగారూ. ఊరికే..."

"మెర్ల్ వచ్చాడుగా. వాడికి లెక్కల్లో ఎన్నొచ్చేవో నాకు తెలుసు. ఒరే అబ్బాయ్, మూస్ బయల్లో నిలబడి నీకోసం ఎదురుచూస్తుందా? వాగు పక్క పొదల్లో ఉంటుంది. చిన్న కొమ్మ తగిలినా నీ తేలిక గుండు దారి తప్పుతుంది. నీలాగే."

ఓర్విల్ మళ్ళీ కంకర గుంటకి వెళ్ళాడు, బరువు తూటాలతో. తిరిగొచ్చి కూర్చుంటే బయలు గుర్తొచ్చింది. మళ్ళీ వెళ్ళాడు, తేలికవాటితో. దారిలో వాగు కనిపించింది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి బరువువి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి బల్లమీద రెండు పళ్ళేల నిండా రెండు రకాల తూటాలు మెరుస్తున్నాయి, ఆఖరిసారి గురి సరిచేసింది దేనికో అతనికే గుర్తులేదు, ఎడమ చెయ్యి మోచేతి దాకా మొద్దుబారిపోయింది.

లోర్నా వచ్చేసరికి భర్త వంటింట్లో బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు."

ఇక్కడే కొంప మునిగింది. మరో ఊళ్ళో అయితే ఏం లేదంటే ఏం లేదనే. ఆ ఊరి నార్వే సంతతి మగవాళ్ళు మాత్రం వేలు తెగినా "కాస్త గీరుకుంది" అంటారు, జ్వరం వస్తే "కాస్త నలత" అంటారు. "ఏం లేదు" అనేది ఇంకా పెద్దవాటికి దాచుకునే మాట. లోర్నా వాళ్ళ నాన్న ఇదే బల్ల దగ్గర "ఏం లేదు" అని ఒరిగిపోయాడు. లోర్నా చేతిలోని లెఫ్సా సంచి జారిపోయింది.

"ఎడమ చెయ్యేనా? గుండెలో నొప్పిగా ఉందా?"

"లేదే. బాగున్నాను." బాగున్నానని చూపించడానికి కాఫీ కప్పు ఎత్తాడు. అలవాటుకొద్దీ ఎడమచేత్తో ఎత్తాడు. కప్పు నేలమీద ముక్కలైంది.

లోర్నా ముందు క్లినిక్‌కి, తర్వాత ఇంగా టీచరుగారికి ఫోను చేసింది. చర్చి ప్రార్థన గొలుసు మొదలయ్యేది టీచరుగారి దగ్గరే. ఆవిడ ఒకరికి చేస్తుంది, వాళ్ళు ఇంకొకరికి. మొదటి ఫోనులో ఓర్విల్‌కి గుండెలో కాస్త ఇబ్బంది. గొలుసు చివరికి వచ్చేసరికి అంత్యక్రియల్లో పాటలు ఏవి పాడాలో మాట్లాడుకుంటున్నారు. లోర్నా ట్రక్కు తాళాలు వెతికేలోపే గుమ్మంలో మొదటి హాట్‌డిష్ దిగింది. మాంసం, బంగాళాదుంపలు, పుట్టగొడుగుల సూపు కలిపి కాల్చిన ఈ గాజుపళ్ళెం ఆ ఊళ్ళో పలకరింపు. చావుకీ ఇదే.

"ఇక రేపటి వేట మాటెత్తకు. ఆ మూస్ అక్కడే ఉంటుంది" అంది లోర్నా, కోటు తొడుగుతూ.

ఆ మాటతో ఓర్విల్‌కి నిజంగానే గుండె పట్టేసినట్టయింది. వచ్చే వారమంతా మంచు కురుస్తుందని రేడియోలో చెప్పారు. మంచు పడితే కొండదారి మూసేస్తారు. ఉన్నది రేపొక్కరోజే. చొక్కా విప్పి భుజం చూపిస్తే వేట దక్కుతుంది, ప్రెస్సు పోతుంది. చూపించకపోతే ప్రెస్సు దక్కుతుంది, జన్మకొక్క మూస్ పోతుంది. ఇందులోనూ ఎటూ తేల్చుకోలేక క్లినిక్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

తేల్చింది డాక్టరమ్మ. గుండె పరీక్ష చేయడానికి చొక్కా విప్పించింది. భుజం మీద వంకాయ రంగులో పళ్ళెమంత కమిలింది.

"గుండె గడియారంలా ఉంది" అందామె. కమిలినచోట వేలితో నొక్కి చూసింది. "బరువువి కదూ?"

"రెండూ" అన్నాడు ఓర్విల్ నేలచూపులు చూస్తూ.

"వారం దాకా ఈ చెయ్యి కదపకూడదు. రెండో భుజంతో ఏం చేసుకుంటావో నేను అడగను." పరదా అవతలికి వెళ్తూ వెనక్కి తిరిగింది. "మా ఇంట్లో అయితే బరువువే."

తిరుగుదారిలో ట్రక్కు లోర్నాయే నడిపింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"నాన్న కూడా అదే మాట అన్నాడు, ఓర్విల్. ఏం లేదు అన్నాడు."

ఓర్విల్‌కి సిగ్గేసింది. భుజం నొప్పి కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది. "ఇంకెప్పుడూ అననే" అన్నాడు. కిటికీకేసి తిరిగి, "ప్రెస్సు..." అన్నాడు.

"మూస్ సంగతి చూసుకున్నాక ప్రెస్సు సంగతి చూద్దాం. రేపు నేనూ వస్తున్నా."

ఇంటికొచ్చేసరికి మూస్ కోసం ఖాళీచేసిన ఫ్రీజరు నిండా హాట్‌డిష్‌లే. గ్యారేజీలో మెర్ల్ దోషిలా నిలబడి ఉన్నాడు. బావ పోతాడనుకుని, పోయేవాడు అక్క చేత తిట్లు తినకూడదనుకుని, బల్లమీది సాక్ష్యమంతా దాచేశాడు. అంటే రెండు పళ్ళేల తూటాలూ ఒకే కాఫీ డబ్బాలోకి ఒంపేశాడు. ఆ కంగారులో చేతిలోని కాఫీ కాస్తా తూటాలు తూచే యంత్రం మీద పోశాడు. యంత్రం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది.

"కలిపేశావా?" అన్నాడు ఓర్విల్ నీరసంగా.

"నీ మంచికే కదా."

"రెండిటికీ ముక్కు ఒక్కటేరా. తేడా అంతా గుల్ల లోపల ఉంటుంది. ఇప్పుడు ఏది ఏదో దేవుడికి తెలియాలి."

"నువ్వు బతికే ఉంటావని నాకెవరు చెప్పారు?" అన్నాడు మెర్ల్, కాస్త కోపంగానే.

సాయంత్రమంతా ఓర్విల్ అరచేతికొక తూటా పెట్టుకుని ఆడిస్తూ కూర్చున్నాడు. కుడిచేతిలో పెట్టిందల్లా తేలిక. నొప్పెడుతున్న ఎడమచేతిలో పెట్టిందల్లా బరువు. చేతులు మార్చి చూస్తే తేలికది బరువైపోయింది. లేచాడు, కూర్చున్నాడు, డబ్బా అంతా బల్లమీద పోసి మళ్ళీ ఎత్తాడు. లోర్నా తలుపు దగ్గర నిలబడి చూసింది.

"వెళ్ళి పడుకో. అవి నాకు వదిలెయ్. పిండి కొలవకుండా రొట్టెలు చేసేదాన్ని, ఆ మాత్రం చెయ్యి చెప్పదా? దుకాణం మూసేలోపు పాలు తెచ్చుకుని వచ్చి చూస్తాను."

ఇంత చేసిన మనిషితో వాదించే మొహం ఓర్విల్‌కి లేదు. వెళ్ళి పడుకున్నాడు.

తెల్లవారుజామున ట్రక్కులో ఇద్దరూ పాలు లేని కాఫీ తాగారు. ట్రక్కు దిగాక చీకట్లోనే లోర్నా తుపాకీ నింపింది.

"నేను నింపుతానే."

"చెయ్యి కదపొద్దంది డాక్టరు."

"ముందు ఏది పెట్టావు? తేలికదా, బరువుదా?"

"నడువు."

వెలుతురు వచ్చేవేళకి వాగు పక్క పొదలు కదిలాయి. మూస్ బయటికి వచ్చింది. బయలు అవతల కాదు, పొదల నడుమా కాదు. పాత రాతికట్ట పక్కన, వీధికి అవతలి ఇల్లంత దూరంలో అడ్డంగా నిలబడి, నోట్లోంచి నీటిగడ్డి కారుస్తూ వీళ్ళకేసి చూసింది. కొమ్ములు విప్పిన తలుపుల్లా ఉన్నాయి. ఓర్విల్ తుపాకీని రాతిమీద ఆనించి, జన్మలో మొదటిసారి కుడి భుజానికి నొక్కుకున్నాడు.

"తేలికదైతే కిందికి పట్టాలి" అని గుసగుసలాడాడు. "బరువుదైతే పైకి... లోర్నా, ఒక్క మాట చెప్పవే..."

"ఇంత దగ్గర ఏదైనా ఒకటే. దాని ఊపిరి కనిపిస్తోంది. కాల్చు."

కాల్చాడు. మూస్ రెండడుగులు వేసింది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది, వాగు ఒడ్డున కూలిపోయింది. ఓర్విల్ టోపీ తీశాడు. దాని దగ్గరికి వెళ్ళి మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా, లోర్నా చూస్తుండగానే. ఆమె పక్కన కూర్చుంది.

సొంత ఫ్రీజరులో హాట్‌డిష్‌లు ఉన్నందున మూస్ మాంసం సగం మెర్ల్ ఇంటికి, సగం టీచరుగారి ఇంటికి చేరింది. తరువాతి ఆదివారం ఆ ఇద్దరూ భోజనానికి వచ్చారు. బయట మంచు కురుస్తోంది. మాంసం బల్లమీదికి రాకముందే గొడవ మొదలైంది.

"రెండడుగుల్లో పడిపోయిందంటే తేలికదే" అన్నాడు మెర్ల్.

"ఇటు దూరి అటు వచ్చిందట. తేలికది అలా వస్తుందా? బరువుదే. నువ్వు కూర్చో" అంది టీచరుగారు.

"గుండు వాగులో పడిపోయె. ఇక ఎలా తేలుతుంది?" అన్నాడు ఓర్విల్. వారం రోజులుగా అతనికి నిద్ర లేదు. "లోర్నా, నింపింది నువ్వేగా. ఈ ఒక్కసారి చెప్పెయ్. నీ చెయ్యి ఏమంది?"

లోర్నా బంగాళాదుంపల గిన్నె తమ్ముడికి అందించింది. "చెయ్యేమంటుంది? నాకూ తెలియలేదు. పాలకి వెళ్ళినప్పుడు దుకాణంలో ఒక తూటాల డబ్బా కొన్నాను. తేలికవి కావాలా బరువువి కావాలా అన్నాడు దుకాణంవాడు. మధ్యరకం ఇమ్మన్నాను. ఆ హడావుడిలో పాలు మర్చిపోయాను."

మెర్ల్ గిన్నె గాల్లోనే పట్టుకుని ఉండిపోయాడు. టీచరుగారు చేతి రుమాలు మడిచి, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు ఓర్విల్ కుడి భుజం మీద మెల్లగా తట్టింది.

"ఈ మాట ఈ గది దాటకూడదు" అన్నాడు ఓర్విల్.

"దాటదు" అంది టీచరుగారు, కోటు తొడుక్కుంటూ.

మర్నాడు మధ్యాహ్నానికి వాళ్ళ గుమ్మంలో ఏడు హాట్‌డిష్‌లు ఉన్నాయి.