సారు ట్రైనింగులో ఉన్నారు

"కాళ్ళు లేనివాళ్ళ కోసం కాళ్ళున్నవాళ్ళు కదలని నాడు, ఆ కాళ్ళు ఉన్నా లేనట్టే!"

సూపరింటెండెంటుగారు ఒక ఆదివారం ఉదయం భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడి ఇలా ప్రకటించారు. ప్రకటించాక గొంతెండిపోయి, మంచినీళ్ళ గ్లాసు అందివ్వమని వంటింట్లో ఉన్న భార్యను కేకేశారు. గ్లాసు ఆయన మోచేతికి జానెడు దూరంలోనే ఉంది.

సంగతేమిటంటే, ఊళ్ళో ఒక ఆసుపత్రివారు కాళ్ళు పోగొట్టుకున్న పేదలకు కృత్రిమ కాళ్ళు పెట్టించడానికి విరాళాల సైకిల్ యాత్ర తలపెట్టారు. నలభై కిలోమీటర్లు! వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో పెద్ద కుర్చీలో కూర్చునే తాను యాత్రలో లేకపోతే బాగుండదని ఆయనకు తోచింది. వెంటనే దళం ఏర్పడింది. దళపతి తానే. సభ్యులు బట్టల కొట్టు బావమరిది, పక్కింటి పళ్ళ డాక్టరు. భార్యను ఎవరూ సభ్యురాలిగా చేర్చుకోలేదు కానీ నీళ్ళ సీసాలు మొయ్యడానికి ఒక సైకిల్ మాత్రం ఇచ్చారు.

శిక్షణ రెండు నెలలు సాగింది. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా. "అది ఆఫీసు టైము కదండీ?" అంది భార్య. "ట్రైనింగనేది ఆఫీసు టైములో కాక ఇంకెప్పుడు జరుగుతుందే!" అని ఆయన ఆశ్చర్యపోయారు.

మొదటి వారమంతా చొక్కాల రంగు దగ్గరే గడిచింది. బావమరిది తన కొట్లో అమ్ముడుపోని ముదురు పసుపు గుడ్డ తానొకటి తెచ్చి, "త్యాగానికి ఇదే రంగు బావగారూ!" అని తేల్చేశాడు. రెండో వారం ఫొటోలు. మూడో వారం సైకిళ్ళు నిజంగానే కదిలాయి, వీధి చివరి వరకు. అక్కడ పళ్ళ డాక్టరు సీటు గట్టిగా ఉందని ఫిర్యాదు చేయడంతో, సీటు సమస్య పరిశీలించడానికి దళం చెట్టునీడన రెండు గంటలు సమావేశమైంది. తువ్వాలు మర్చిపోయామనీ, నల్లకళ్ళద్దాలు మర్చిపోయామనీ భార్యను ఇంటికి తరిమేవారు. వాళ్ళు రెండు కిలోమీటర్లు తొక్కిన రోజున ఆవిడ పది తొక్కేది.

యాత్ర రోజు రానే వచ్చింది. ఐదో కిలోమీటరు దగ్గర పళ్ళ డాక్టరు, "డాక్టరన్నవాడు వైద్యుల వ్యానులో ఉండడం ధర్మం" అంటూ వ్యానెక్కేశాడు. డాక్టరుకు తోడుండడం ధర్మమని బావమరిదీ ఎక్కేశాడు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పెద్ద ఎత్తు. సగం ఎక్కేసరికి సూపరింటెండెంటుగారికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎగశ్వాస మొదలైంది.

సరిగ్గా అప్పుడు పక్కకి ఒక పాత సైకిల్ వచ్చింది. తొక్కుతున్న మనిషికి ఎడమకాలు మోకాలి కింద లేదు. కుడిపాదాన్ని గుడ్డపేలికతో పెడలుకు కట్టేసుకున్నాడు. ఊతకర్ర సైకిల్ కడ్డీకి కట్టి ఉంది.

"నా భుజం పట్టుకోండి సార్. గట్టిగా పట్టుకుని ఊరికే కూర్చోండి, లాక్కుపోతాను."

ఊరికే కూర్చోవడం సూపరింటెండెంటుగారికి బాగా అలవాటైన పని. పట్టుకున్నారు. ఆ మనిషి ఒంటికాలితో ఇద్దరి బరువూ లాగుతూ మాటల్లో పడ్డాడు. తను దర్జీనన్నాడు. "కాలు కోసం అర్జీ పెట్టుకున్నాను సార్. పదకొండుసార్లు తిరిగాను. ఎప్పుడెళ్ళినా 'సారు ట్రైనింగులో ఉన్నారు' అంటారు. పెద్ద ట్రైనింగే అయ్యుంటుంది, రెండు నెలల్నుంచీ జరుగుతోంది. ఇలాంటి యాత్రలో కనిపిస్తే ఎవరైనా పెద్దవాళ్ళ కళ్ళలో పడతానేమోనని వచ్చాను."

సూపరింటెండెంటుగారికి ఒక్కసారిగా చెమట పట్టింది. అది ఎండ వల్ల పట్టిన చెమట కాదు. "ఆ సారును చూశావా ఎప్పుడైనా?" అని మెల్లిగా అడిగారు.

"లేదు సార్. ఆయన కుర్చీని మాత్రం బాగా ఎరుగుదును."

"మీరెక్కడ పనిచేస్తారు సార్?" అని దర్జీ ఎదురడిగాడు. సూపరింటెండెంటుగారికి హఠాత్తుగా దగ్గు ముంచుకొచ్చింది. ఎత్తు దిగేదాకా ఆ దగ్గు తగ్గలేదు. వెనకాల సీసాల సైకిల్ మీద భార్య ఇదంతా చూస్తూ, వింటూ వచ్చింది.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఫొటోలో సూపరింటెండెంటుగారి చెయ్యి దర్జీ భుజం మీద ఉంది. కింద అచ్చు: 'వికలాంగుడిని వెనకనుంచి తోసి ఎత్తెక్కించిన మానవతామూర్తి'. రాత్రంతా పట్టి పీడించిన సిగ్గు ఆ ఒక్క వాక్యంతో ఎగిరిపోయింది.

ఆ రోజే దర్జీ పన్నెండోసారి ఆఫీసుకొచ్చాడు. కుర్చీలో మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "మీరా సార్!"

"కూర్చో. ఒక చిక్కొచ్చింది. నువ్వు నన్ను లాగావంటే నీకు బలమున్నట్టు. బలమున్నవాడికి కాలెందుకని రూలు అడుగుతుంది. నేను నిన్ను తోశానంటే నువ్వు నిస్సహాయుడివి. రూలు ఒప్పుకుంటుంది. పేపర్లో పడ్డట్టే రాసి ఇవ్వు, నీ మంచికే."

దర్జీ బల్ల మీది తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. తర్వాత కలం అందుకున్నాడు. "తోశారనే రాస్తాను సార్. తోశారుగా! ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పదకొండుసార్లు."

కాగితం సిద్ధమైంది కానీ సాక్షి సంతకం లేదు. సాక్షి లేని కాగితం చెల్లదని పాతికేళ్ళుగా జనాన్ని తిప్పి పంపింది ఆయనే! చూసిన సాక్షి ఒక్కరే ఉన్నారు. పటం కట్టించి హాల్లో వేలాడదీయాలని కలగంటూ, సాయంత్రం ఇంటికెళ్ళి భార్య ముందు కాగితం పెట్టారు.

"పెడతాను. ముందు ఆయనకు కాలు రానివ్వండి," అంది ఆవిడ.

ఆ ఆఫీసు పుట్టాక అంత వేగంగా ఏ ఫైలూ నడవలేదు. సూపరింటెండెంటుగారు స్వయంగా ఫైలు చంకనబెట్టుకుని గది గదికీ తిరిగారు. తొమ్మిది రోజుల్లో కాలొచ్చేసింది! భార్య చొక్కా కుట్టించే నెపంతో వెళ్ళి, దర్జీ రెండు కాళ్ళ మీద నిలబడి కొలతలు తీయడం కళ్ళారా చూసి వచ్చింది. అప్పుడు కాగితం అడిగి తీసుకుని, సంతకం చేసి, తనే పటం కట్టించి గుడ్డ కప్పి తెచ్చింది.

ఆదివారం పసుపు చొక్కాల దళమంతా హాల్లో చేరింది. గోడకు మేకు కొట్టి ఉంది. పటం మీది గుడ్డ తొలగించి, బావమరిది గొంతు సవరించుకుని చదవసాగాడు. దర్జీ రాసినదంతా గంభీరంగా చదివాడు. చివర్లో సాక్షి దగ్గరకొచ్చేసరికి గొంతు సన్నబడింది.

"'నేను వెనకాలే ఉన్నాను. ఈయన తోయలేదు. ఆ దర్జీయే ఒంటికాలితో ఈయన్ని లాగాడు. నేను కళ్ళారా చూసి పెట్టిన సంతకం.'"

పళ్ళ డాక్టరు నోరు తెరిచాడు, మూయలేదు.

"ఇదేమిటే! ఇది చెల్లదు! కొత్త కాగితం రాయించాలి!" అని సూపరింటెండెంటుగారు ఎగిరిపడ్డారు.

"రాయించండి," అంది భార్య, ఖాళీ సీసాలు ఏరుకుంటూ. "ఎన్ని రాయించినా సాక్షిని నేనే కదండీ!"