రెయిలింగు పక్కన రెండు జతల బూట్లు

ఆ రోజు సిగ్వే వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అతను పనిచేసే ఓడ పొద్దున ఎనిమిదికి అతని సొంతూరు ఓలెసుండ్ రేవులో ఆగుతుంది, సాయంత్రం అయిదుకు బయలుదేరుతుంది. పదింటికి అమ్మమ్మ ఇంగెబోర్గ్‌నీ, ఆవిడ చెల్లెలు ఓడ్నీనీ పైకి తీసుకురావాలి, కాఫీ ఇప్పించాలి, పన్నెండుకల్లా క్షేమంగా దింపేయాలి. మూడు రోజుల ముందే పేర్లు రాసిచ్చి, కెప్టెన్ సంతకం కూడా సంపాదించాడు.

ఆ సంతకం ఊరికే రాలేదు. పోయిన నెల సిగ్వే తీసుకొచ్చిన స్నేహితుడొకడు కుర్చీలో కునుకు తీసి, ఓడతోపాటు తర్వాతి ఊరు చేరాడు. "ఈసారి నీ చుట్టాల వల్ల చిన్న గొడవ జరిగినా వాళ్లతోపాటే నువ్వూ దిగిపోతావు," అన్నాడు కెప్టెన్ ఎస్పెలాండ్. భోజనశాలలో ఆరేళ్లుగా వడ్డిస్తున్న సిగ్వేకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. కానీ తనను పెంచిన అమ్మమ్మ, ఎనభై రెండేళ్ల వయసులో, ఒక్కసారి నీ ఓడ చూపించరా అంటే కాదనడం ఎలా?

గేటు దగ్గర గుర్తింపు కార్డులు అప్పగించి ముసలమ్మలిద్దరూ పై డెక్కు చేరారు. సన్నగా వాన పడుతోంది. సిగ్వే హాలు తలుపు చూపించి, లోపల కూర్చోమని చెప్పి, కాఫీ తేవడానికి కిందికి వెళ్లాడు. ఇంగెబోర్గ్ తలుపు తీసి తొంగి చూసింది. గుమ్మం నుంచి గోడ దాకా మీగడ రంగు తివాచీ.

"బూట్లు విప్పవే ఓడ్నీ. ఎవరిల్లయినా ఇల్లే," అంది.

తడి బూట్లతో ఇంట్లో అడుగుపెట్టినవాళ్ల గురించి ఆ ఊళ్లో పదేళ్లు చెప్పుకుంటారు. గుమ్మంలో అడ్డమని రెండు జతలనూ పైన వేలాడే లైఫ్‌బోటు కింద, తడవకుండా, రెయిలింగుకు ఆనించి, ఇంట్లో పెట్టినట్టే మొనలు బయటివైపుకు తిప్పి పెట్టారు. ఇక్కడ బయటంటే సముద్రం. ఓడ్నీ తన వానకోటును కూడా అక్కడే రెయిలింగు మీద ఆరేసింది.

అయిదు నిమిషాలకు అటుగా వచ్చిన ఒక ప్రయాణికురాలు బూట్లను చూసింది, కోటును చూసింది, నీళ్లను చూసింది. ఆ తర్వాత ఓడంతా వినపడేలా కేక పెట్టింది.

సైరన్ మోగింది. గేటు దగ్గర లెక్క చూస్తే, పైకెక్కి దిగని చుట్టాలు సరిగ్గా ఇద్దరు, ఇద్దరూ ముసలమ్మలే. ఇంకేం, గోరంత కొండంత అయింది. సైరన్ మోగితే రక్షణ పడవెక్కడం సిగ్వే విధి. కాఫీ పక్కన పెట్టి పడవలోకి దూకాక, నీళ్లలో పడింది ఎవరన్నది తోటివాడొకడు చెప్పాడు. సిగ్వేకు ఉద్యోగం గుర్తుకే రాలేదు. ఏడుస్తూ, అమ్మమ్మను పిలుస్తూ, రేవు నీళ్లన్నీ గాలించాడు.

ఎవరో ఇద్దరు ముసలమ్మలు నీళ్లలో పడ్డారని బయట అనుకుంటుంటే ఇంగెబోర్గ్ కూడా విన్నది. ఊలు మేజోళ్లతో కిటికీ దగ్గర నిలబడి, ఈ వయసులో వాళ్లకు ఓడలెందుకని జాలిపడింది. అంతలో పడవలో మనవడు కనిపించాడు. ఎంత మంచి పని చేస్తున్నాడో అని గర్వంగా చెయ్యూపింది.

సిగ్వే చూశాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఉద్యోగం గుర్తొచ్చింది.

అతను హాల్లోకి పరిగెత్తుకొచ్చేసరికి, పడవలోంచి కబురందిన కెప్టెన్ అప్పటికే చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు. "అమ్మా, మీ వల్ల ఎంత గొడవ జరిగిందో తెలుసా?" అంటున్నాడు.

ఇంగెబోర్గ్ అతని కాళ్లవైపు చూసింది. "గొడవ సంగతి తర్వాత చూద్దాం నాయనా. మీ అమ్మది ఏ ఊరు?"

"హారైడ్."

"హారైడ్‌లో పిల్లల్ని బూట్లతోనే ఇంట్లోకి రానిస్తారా?"

కెప్టెన్ వెనక్కి తిరిగాడు. మీగడ రంగు తివాచీ మీద గుమ్మం నుంచి తన దాకా నల్లటి అడుగులు. బయటికెళ్లాడు. ఆధారాలంటూ ఎవరూ ముట్టుకోని ఆ రెండు జతల పక్కనే తన బూట్లు విప్పి, తడిసిన టోపీ వాటిమీద పెట్టి వచ్చాడు. ఎడమ మేజోడుకు చిల్లు ఉంది. ఓడ్నీ వెంట తెచ్చిన డబ్బా తెరిచి, ఇంట్లో కాల్చిన తియ్యటి అట్టొకటి అతని చేతిలో పెట్టింది. అది నోట్లో వేసుకుని, సిగ్వేను దింపేసే కాగితం మీద కలం పెట్టాడు.

సైరన్ మళ్లీ మోగింది. లౌడ్‌స్పీకరులో ఉప కెప్టెన్ గొంతు. రెయిలింగు దగ్గర మూడో జత బూట్లు, వాటిమీద టోపీ దొరికాయట. కెప్టెన్‌గారు ఎక్కడా కనిపించడం లేదట.

కెప్టెన్ నోటినిండా అట్టుంది.

"సార్," అన్నాడు సిగ్వే వినయంగా, "రెండో సైరన్ ఎవరి వల్లని రాస్తారు?"

కెప్టెన్ కష్టపడి మింగాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

పన్నెండుకు ముసలమ్మలిద్దరూ క్షేమంగా దిగారు. సిగ్వే దిగలేదు. ఆ వారం ఓడలో వచ్చిన మార్పు ఒక్కటే: ప్రతి తలుపు దగ్గరా ఒక చెప్పుల స్టాండు.