కుటుంబ సమేతంగా రండి, చుక్కలు చూపిస్తాం

ఒక పెద్ద అడవిలో ఖాళీ జాగా అంటూ మిగిలింది ఒక్కటే, అది ఉత్తరం కొసన ఉన్న బోడిగుండు.

అడవంటే ఏదో చిట్టడవి అనుకునేరు. చెట్టుకి నాలుగు అంతస్తులు, కొమ్మ కొమ్మకీ కాపురాలు, పొద్దున లేస్తే సెలయేటి దగ్గర ట్రాఫిక్ జామ్. తల పైకెత్తితే పై వాటావాళ్ళ కొమ్మ కనపడేది గానీ ఆకాశం కనపడేది కాదు. ఆకాశం చూడాలంటే బోడిగుండు ఎక్కాల్సిందే. దాన్ని ఎవరూ ఆక్రమించకపోవడానికి కారణం గౌరవం కాదు, రాతి మీద చెట్టు మొలవదు కాబట్టి ఊరుకున్నారంతే.

ఆ గుండు మీద ప్రతి శనివారం సాయంత్రం విజ్ఞాన సభ జరిపించేది పునుగుపిల్లి పరిమళమ్మ. అడవి విజ్ఞాన సంఘానికి ఆవిడే కార్యదర్శి, ఆవిడే కోశాధికారి, చాపలు పరిచేదీ ఆవిడే. వాన ఎక్కణ్ణించి వస్తుంది, చీమ దారి ఎలా గుర్తుపెట్టుకుంటుంది, తలకిందులుగా వేలాడే గబ్బిలానికి కళ్ళు ఎందుకు తిరగవు, ఇలాంటివి నలుగురికీ చెప్పాలని ఆవిడ తాపత్రయం. నలుగురికీ అంటున్నాను గానీ వచ్చేది ముగ్గురే. పడుకోవడానికి చల్లటి రాయి వెతుక్కుంటూ వచ్చే అడవిదున్న ఒకటి, సభ చివర పెట్టే గుగ్గిళ్ళ కోసం వచ్చే కోతి ఒకటి, మొహమాటం కొద్దీ వచ్చే తాబేలు ఒకటి. ఆ తాబేలు కూడా పాపం శుక్రవారం బయల్దేరి ఆదివారం చేరేది.

ఇలా ఉండగా దుమ్ములగొండి కోటిలింగం కన్ను బోడిగుండు మీద పడింది. కోటిలింగం కాంట్రాక్టరు. అడవిలో పెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయనీ, భోజనాలు పెట్టడానికి చోటు లేక మగపెళ్ళివాళ్ళు అలుగుతున్నారనీ, గుండు తనకిస్తే అక్కడ ఫంక్షన్ హాలు కట్టిస్తాననీ మండలికి అర్జీ పెట్టుకున్నాడు. మండలి పెద్ద ఏనుగు గజలక్ష్మమ్మ. ఆవిడకి కోటిలింగమంటే వల్లమాలిన అభిమానం. ఎందుకంత అభిమానమో రోజూ ఆవిడ గుమ్మం ముందు దిగే చెరుకు మోపుల్ని అడగాలి.

పరిమళమ్మ పరుగున వెళ్ళి మొరపెట్టుకుంది. గజలక్ష్మమ్మ చెవులు విసురుకుంటూ అంతా విని, ఇద్దరినీ నొప్పించని తీర్పు ఒకటి చెప్పింది.

"చూడమ్మా, వచ్చే శనివారం నీ సభకి గుండు నిండా జనం వస్తే గుండు మీ సంఘానిదే. రాకపోతే కోటిలింగానిది."

ఆ మాట మండలిలో అందరి ముందూ అంది, తొండం ఎత్తి మరీ అంది. కోటిలింగం నవ్వాడు. దుమ్ములగొండి నవ్వు మామూలుగానే వినసొంపుగా ఉండదు, ఆ రోజు మరీ ఘోరంగా ఉంది.

పరిమళమ్మ ఇంటికొచ్చి కూలబడి ఏడ్చింది. పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన ఆ గుండు మీదే వెల్లకిలా పడుకుని చుక్కల పేర్లు నేర్చుకుంది ఆవిడ. రేపు గుండు పోతే పుట్టబోయే పిల్లలు ఆకాశమంటే పై వాటావాళ్ళ కొమ్మే అనుకుని పెరుగుతారు.

ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని ఆలోచించింది. చలికాలం, ఆకాశంలో మబ్బు తునక లేదు. చుక్కల సభే పెట్టాలనుకుంది. చక్కటి తెలుగులో ప్రకటన రాసి, అడవంతా చాటింపు వేసే రామచిలుక రత్నం చేతిలో పెట్టింది. "ఖగోళ పిండముల పరిశీలన, కుటుంబ అవగాహన సదస్సు" అని ఉంది అందులో.

రత్నం అది ఒకసారి చదివి, తల పక్కకి వంచి, ఇంకోసారి చదివాడు.

"మేడమ్, పిండాలంటున్నారు. ఎవరి దినమండీ?"

"దినం కాదు నాయనా. ఆకాశంలో ఉండే పిండాలు."

"ఎక్కడుంటే ఏమండీ, పిండాలంటే కాకులు తప్ప ఎవరూ రారు. ఈ భాష వదిలెయ్యండి. అసలక్కడ మీరేం చేస్తారో నాకు మామూలు మాటల్లో చెప్పండి."

"ఏముంది, అందరికీ చుక్కలు చూపిస్తాం."

రత్నం ముఖం వికసించింది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరన్నాడు. పరిమళమ్మ పుస్తకాల మధ్య పెరిగిన పిల్లి. ఆ మాటకి అడవిలో ఇంకో అర్థం ఉందని ఆవిడకి తట్టలేదు. రత్నానికి తట్టిందో లేదో గానీ, చిలుక కాబట్టి విన్నది విన్నట్టు చెప్పడమే వాడి వృత్తి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ ప్రత్యేకంగా చూసుకుంటామని కూడా చెప్పమని ఆవిడ ఉత్సాహంగా ఇంకో నాలుగు ముక్కలు కలిపింది.

ఆ సాయంత్రం అడవిలో ప్రతి చెట్టు కింద ఈ చాటింపు వినపడింది.

"విజ్ఞాన సంఘం వారి విజ్ఞప్తి. ఈ శనివారం బోడిగుండు మీద మీ అందరికీ చుక్కలు చూపిస్తాం. పిల్లలకీ ముసలివాళ్ళకీ దగ్గరుండి చూపిస్తాం. ఎవ్వరినీ వదిలిపెట్టం. రాలేనివాళ్ళుంటే ఇంటికొచ్చి మరీ చూపిస్తాం."

అడవిపంది వరాలయ్య అప్పుడే దుంప నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతులోనే ఆగిపోయింది. అంతకుముందు విజ్ఞాన సంఘమనేది ఒకటుందని కూడా అతనికి తెలియదు. తెలియనివాళ్ళు తనకి చుక్కలు చూపించడమేమిటి, అందులోనూ నడుం పట్టేసి మంచాన ఉన్న తన తల్లికి దగ్గరుండి చూపించడమేమిటి? వాళ్ళావిడ వెంటనే తేల్చేసింది. అంత మాట అనిపించుకున్నాక వెళ్ళకపోతే చుట్టాల్లో తలెత్తుకు తిరగలేమంది. తల్లి కూడా తనని మోసుకుపొమ్మంది. పందులన్నీ కూర్చుని కోరలు నూరుకున్నాయి.

అడవిదున్నలు కొమ్ములు పదును పెట్టుకున్నాయి. చుక్కల దుప్పులకి వేరే రకంగా కోపం వచ్చింది. తమ ఒంటి మీది చుక్కల్ని తమ అనుమతి లేకుండా ఊరందరికీ చూపించడానికి వీళ్ళెవరని వాటి బాధ. ఇక కోతుల పేటకి చేరేసరికి చాటింపు సగమే వినపడింది. శనివారం గుండు మీద చుక్క పోస్తారని అర్థం చేసుకుని అవి ముంతలు కడిగి పెట్టుకున్నాయి.

శనివారం మధ్యాహ్నం నుంచే జనం గుండెక్కడం మొదలైంది. గుంపులు గుంపులుగా, పిల్లాజెల్లాతో, చుట్టాలతో వస్తున్నారు. వరాలయ్య కొడుకులు నాయనమ్మని మంచంతో సహా మోసుకొచ్చారు. పరిమళమ్మకి కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. ఈ అడవికి విజ్ఞానం మీద ఇంత దాహం ఉందని తెలియక ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానే అనుకుంది. తళతళలాడే కోరల్ని చూసి సభ కోసం ముస్తాబై వచ్చారనుకుంది. కోతుల ముంతలు చూసి గుగ్గిళ్ళ కోసం తెచ్చుకున్నారనుకుని, ఎంత శుభ్రత అని మురిసిపోయింది.

వరాలయ్య నేరుగా వేదిక దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వెనక యాభై పందులు నిలబడ్డాయి.

"చుక్కలు చూపిస్తానన్నది ఎవరమ్మా?"

"నేనేనండి," అంది పరిమళమ్మ, చేతులు జోడించి. "కొంచెం చీకటి పడనివ్వండి. ముందుగా మీ అమ్మగారితోనే మొదలుపెడతాను."

వరాలయ్య వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో గానీ, సరిగ్గా అప్పుడే అధ్యక్షుల వారు జ్యోతి ప్రజ్వలన చేసేశారు. అంటే ఒక మిణుగురు పురుగుని పట్టుకొచ్చి రాతి మీద కూర్చోబెట్టారు.

ఇక్కడ ఆ అడవి ఆచారం ఒకటి చెప్పాలి. జ్యోతి వెలిగాక వందన సమర్పణ పూర్తయ్యేదాకా సభలో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, తినకూడదు. పులి కూడా ఈ ఒక్క కట్టుబాటు తప్పదు. వరాలయ్య పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు. ఎంతసేపులే, వందన సమర్పణ అవగానే చూద్దామనుకున్నాడు.

అధ్యక్షుల సంగతి అతనికి తెలియదు. అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్య. ఆ అడవిలో బారసాలకైనా సంతాప సభకైనా ఆయనే అధ్యక్షుడు. ముందు వేదిక మీది పెద్దలకీ, వాళ్ళ పక్కనే చేరిన కోటిలింగానికీ టేకాకు శాలువాలు కప్పారు. గజలక్ష్మమ్మకి ఒక్క ఆకు చాలక చెట్టు తెచ్చి కప్పారు. తర్వాత భద్రయ్య గొంతు సవరించుకుని, సమయాభావం వల్ల రెండు ముక్కల్లో ముగిస్తానన్నాడు.

భూమి ఎలా పుట్టిందో చెప్పాడు. భూమి పుట్టాక తన తాతగారు ఎలా పుట్టారో చెప్పాడు. తాతగారు దులిపిన తేనెపట్లు ఒక్కొక్కటీ చెప్పాడు. మధ్యలో ఇంకోసారి రెండు ముక్కల్లో ముగిస్తానన్నాడు. సూర్యుడు ఓపిక పట్టినంతసేపు పట్టి కొండ వెనక్కి దిగిపోయాడు. దున్నలు తలలు వాల్చాయి. కోతులు ఖాళీ ముంతలు నెత్తి కింద పెట్టుకుని పడుకున్నాయి. చివరికి పందులు కూడా తట్టుకోలేక ఒకదాని తర్వాత ఒకటి వెల్లకిలా పడిపోయాయి.

పంది మెడ పైకి తిరగదు. పుట్టి బుద్ధెరిగాక ఆకాశం వైపు చూసిన పంది ఆ అడవిలో ఒక్కటీ లేదు. వెల్లకిలా పడడంతో ఆ రోజు మొదటిసారి చూశాయి. ముందు మాట్లాడింది వరాలయ్య తల్లి.

"ఒరే వరాలూ, పైన అదేమిట్రా, గుత్తిగా మెరుస్తోంది?"

పరిమళమ్మ పాక్కుంటూ వచ్చి ముసలమ్మ పక్కన చేరి, "దాన్ని పిల్లలకోడి అంటారు పెద్దమ్మా," అని గుసగుసగా చెప్పింది.

ఎక్కడో చివర పడుకున్న నక్క లేచి కూర్చుంది. కోడి ఎక్కడుందని అడిగింది. పైన అన్నారు. ఎంత పైన అని అడిగింది. చాలా దూరమని పరిమళమ్మ అంటే చాలా అంటే ఎంత, ఎన్నాళ్ళ నడక, దారిలో నీళ్ళుంటాయా అని గుచ్చి గుచ్చి అడిగింది. చుక్కల దూరం గురించి ఆ నక్క అడిగినంత శ్రద్ధగా ఆ సంఘంలో అంతకుముందెవరూ అడగలేదు.

తర్వాత పరిమళమ్మ గొల్లకావడి చూపించింది. వరసగా మూడు చుక్కలు. దుప్పులు తమ వీపులూ ఆకాశమూ మార్చి మార్చి చూసుకుని, అచ్చం మనవేనని ఒప్పుకున్నాయి. పిల్లలకోడిలో పిల్లలు ఆరా ఏడా అని వరాలయ్య కొడుకులకీ దున్నపోతులకీ పెద్ద వాదన లేచింది. భద్రయ్య ఇంకా తేనెపట్ల దగ్గరే ఉన్నాడు, ఆయన మాట ఎవరికీ వినపడడం లేదు. పరిమళమ్మ గుంపుకీ గుంపుకీ మధ్య తిరుగుతూ చెప్పిందే చెబుతోంది. జన్మలో అంత సంతోషం ఆవిడ ఎరగదు.

ఎట్టకేలకి భద్రయ్య ముగించాడు. రామచిలుక రత్నం వందన సమర్పణ చేసి, మిణుగురు పురుగుని ఇంటికి పంపేశాడు. అప్పుడు గజలక్ష్మమ్మ తీర్పు చెప్పడానికి లేచింది.

"గుండు నిండింది. నా కళ్ళతో చూశాను. ఇంతమంది పట్టే జాగా అడవిలో ఇంకోటి లేదని ఈ రోజే తెలిసింది. కాబట్టి ఫంక్షన్ హాలుకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. కోటిలింగానికే ఇస్తున్నాం."

పరిమళమ్మ జనాన్ని తోసుకుంటూ వేదిక దాకా వచ్చింది.

"నిండితే మాకే అన్నారు కదమ్మా. అందరి ముందూ అన్నారు."

"అన్నాం," అంది గజలక్ష్మమ్మ, ఏ మాత్రం తడబడకుండా. "నిండదనుకుని అన్నాం."

వరాలయ్య మెల్లగా లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. వచ్చిన పని ఏదో ఒకటి ఉందని అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, వందన సమర్పణ అయిపోయింది కదూ?"

"అయిపోయిందిరా," అంది ముసలమ్మ. "నన్ను కొంచెం పక్కకి జరిపి కానివ్వండి."

యాభై పందులు లేచాయి. వాటి వెనక దున్నలు లేచాయి. అన్నీ వేదిక వైపే తిరిగాయి. నూరిన కోరలు చీకట్లో కూడా బాగానే కనపడుతున్నాయి. గజలక్ష్మమ్మ ఒకసారి కోరల్నీ, ఒకసారి కోటిలింగం కూర్చున్న చోటునీ చూసింది. అక్కడ టేకాకు శాలువా తప్ప ఎవరూ లేరు.

ఆవిడ గట్టిగా దగ్గింది. తాను మాట ఇంకా పూర్తి చెయ్యలేదనీ, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాననీ చెప్పింది. మాటంటే మాటేననీ, గుండు ఎప్పటికీ విజ్ఞాన సంఘానిదేననీ, పెళ్ళివాళ్ళు ఎవరి గుహల్లో వాళ్ళు చేసుకోవాలనీ ప్రకటించి, చెట్టు శాలువాతోనే గబగబా గుండు దిగిపోయింది.

సోమవారం పొద్దున్నే రత్నం వచ్చి వచ్చే శనివారం సంగతేమిటని అడిగాడు. కొంగ డాక్టరు గారు గుండె గురించి మాట్లాడతారంది పరిమళమ్మ. "హృదయము, రక్త ప్రసరణ వ్యవస్థ" అని అప్పటికే చక్కగా రాసిపెట్టుకుంది. ఆ కాగితం వైపు కాసేపు చూసి, దాన్ని మడిచి పొయ్యిలో పడేసింది.

"ఇలా చెప్పు నాయనా," అంది నెమ్మదిగా. "ఈ శనివారం అందరూ రండి. ఒక్కొక్కరి రక్తం కళ్ళచూస్తాం."

శుక్రవారం సాయంత్రానికే బోడిగుండు మీద కాలు పెట్టడానికి చోటు లేదు.

నీతి: విజ్ఞానానికి పిలిస్తే ఎవరికీ తీరిక ఉండదు, తగాదాకి పిలిస్తే ముసలమ్మ కూడా మంచంతో సహా వస్తుంది.